మొదటి బోర్డులో ‘వద్దు’ లేదు

మాటలు రాని ఆ పాప ట్యాబ్ మీద బాత్రూమ్ బొమ్మ నొక్కింది. ట్యాబ్ “బాత్రూమ్” అంది. ఆయమ్మ లేచి పాప చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. గంటలో అది ఆరోసారి. తిరిగొచ్చిన ఆయమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని, “సుమ్మాదాన్ మేడమ్, ఒణ్ణుమే పోగల” అంది. ఊరికేనట, ఏమీ పోలేదట. వారం రోజులుగా ఇదే వరస. నాకు భయమేసి ఆ సాయంత్రం వాళ్ళమ్మకు ఫోన్ చేశాను. “ఇన్ఫెక్షన్ ఏమన్నా ఉందేమో, ఒకసారి యూరిన్ టెస్ట్ చేయించండి” అన్నాను. పాపం, చేయించారు. రిపోర్ట్ నార్మల్. వాళ్ళకు డబ్బు ఖర్చు, పాపకు ఒక పూట బడి పోయింది, ల్యాబ్‌లో శాంపిల్ ఇవ్వడానికి గంటన్నర యాతన. అదంతా నేను చేసిన ఒక పొరపాటు వల్ల. అదేంటో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

నాది సూళ్ళూరుపేట. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేసి కొన్నాళ్ళు అక్కడి నుంచే లోకల్ ట్రైన్‌లో చెన్నై వచ్చిపోయేదాన్ని. పెళ్ళయ్యాక విల్లివాక్కంలో కాపురం. పనిచేసేది ఉత్తర చెన్నైలో ఒక చిన్న స్పెషల్ స్కూల్లో. క్లాసులో ఏడుగురు పిల్లలు. నలుగురిది తమిళం, ఇద్దరిది తెలుగు, ఒకరిది హిందీ. నేను రోజంతా మూడు భాషలు కలిపి ఏదో ఒకటి మాట్లాడుతుంటాను. ఇంటికెళ్ళాక మా ఆయన “ఇప్పుడు నువ్వు మాట్లాడింది ఏ భాష?” అని అడుగుతుంటారు.

ఆ పాప అసలు పేరు రాయడం బాగుండదు, బుజ్జమ్మ అంటాను. తొమ్మిదేళ్ళు, ఆటిజం, మాటలు లేవు. వాళ్ళ తాతగారు రైల్వేలో చేశారు, నాన్న పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో. ఇంట్లో తెలుగే. బుజ్జమ్మ చాలా శుభ్రమైన పిల్ల. చెప్పులు ఎప్పుడూ ఒకే గడి మీద వదుల్తుంది. కానీ రోజుకు రెండు మూడుసార్లు ఉన్నట్టుండి తన మణికట్టు తనే కొరుక్కునేది. అక్కడ చర్మం కాయ కాసి నల్లగా గట్టిపడిపోయింది. ఎందుకు కొరుక్కుంటుందో అర్థమయ్యేది కాదు. ఫైల్లో మాత్రం “బిహేవియర్ ఇష్యూ” అని రాసుకునేవాళ్ళం.

ట్యాబ్‌కు ముందు మాకు కార్డులుండేవి. బొమ్మ కార్డు వెల్‌క్రో పట్టీ మీద నుంచి పీకి ఎదుటివాళ్ళ చేతికిస్తే ఆ వస్తువు ఇవ్వాలి. 1985లో అమెరికాలో మొదలైన పద్ధతి, ఇప్పటికీ మంచి పద్ధతే. తిప్పలు వేరేచోట. బిస్కెట్ కార్డు నోట్లో పెట్టి నమిలేసిన పిల్లాడున్నాడు. నవంబర్ వానలకు లామినేషన్ లోపలికి నీళ్ళు దిగి, ఉయ్యాల బొమ్మ కాస్తా పాకుడు పట్టిన గోడలా తయారైంది. నెలకొకసారి చెన్నైలోని ప్యారిస్ కార్నర్ సందుల్లో వెల్‌క్రో మీటర్ల లెక్కన కొనుక్కొచ్చి, ఆదివారాలు కత్తిరిస్తూ కూర్చునేదాన్ని.

జులైలో ఒక దాత రెండు ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు ఇచ్చారు. మాటలు రాని పిల్లలు బొమ్మలు నొక్కితే పలికే యాప్‌ల గురించి అప్పటికే ట్రైనింగ్‌లో విని ఉన్నాను. ఈ విషయంలో చెన్నైకి చరిత్రే ఉంది. ఇవాళ చాలా దేశాల్లో వాడుతున్న అవాజ్ అనే యాప్ పుట్టింది ఈ ఊళ్ళోనే. అజిత్ నారాయణన్ దాన్ని మొదట యాప్‌గా చెయ్యలేదు, విడిగా ఒక యంత్రంలా చేశారు. కోట్టూర్‌పురంలో విద్యాసాగర్ అనే స్పెషల్ పిల్లల సంస్థ ఉంది, అక్కడి పిల్లల దగ్గర ప్రయత్నించి చూశారు. 2011లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ అనే అమెరికా పత్రిక 35 ఏళ్ళలోపు ఆవిష్కర్తల జాబితాలో ఆయన పేరు వేసింది. ఐఐటీ బాంబే వాళ్ళ ‘జెల్లో’ అనే యాప్ కూడా ఉంది, అది ఉచితం. మేం ఏది వాడామో రాయను. ఇందులో జరిగిన తప్పులు యాప్‌వి కావు, బోర్డు, అంటే తెర మీది బొమ్మల గళ్ళు, నింపిన నావి.

మొదటి నాలుగు రోజులూ ట్యాబ్ అంటే బుజ్జమ్మకు యూట్యూబే. నేను బొమ్మల బోర్డు తెరిచేలోపు తను వెనక్కి నొక్కి, ఒక బట్టల సోపు ప్రకటన దగ్గరికి వెళ్ళిపోయేది. స్క్రీన్ పిన్ చెయ్యడం, అంటే ఆ ఒక్క యాప్ దాటి బయటికి పోకుండా తాళం వెయ్యడం, మా స్కూల్లో ఎవరికీ తెలీదు. ఎనిమిదో తరగతి చదివే మా తోటికోడలి కొడుకు నేర్పించాడు.

రెండో చిక్కు వేళ్ళు. బుజ్జమ్మ ఒక బొమ్మ మీద వేలు పెడితే అరచేయి ఇంకో రెండింటి మీద ఆనేది. ట్యాబ్ “అన్నం అవ్వ ఉయ్యాల” అని గడగడా చదివేది. దీనికి కీగార్డ్ అని ఒకటుంటుంది. బొమ్మ ఉన్నచోటల్లా రంధ్రం కోసిన అద్దం లాంటి ప్లాస్టిక్ పలక, ట్యాబ్ మీద బిగిస్తారు. చెయ్యి పలక మీద ఆనించుకోవచ్చు, వేలు మాత్రమే రంధ్రంలోంచి తెరకు తగుల్తుంది. బయటి నుంచి తెప్పిస్తే ట్యాబ్ ధరలో సగం అడిగారు. నేను గ్రాఫ్ పేపర్ మీద పదిహేను గళ్ళు గీసి, ప్యారిస్‌లో నేమ్ బోర్డులు చేసే కొట్టుకు తీసుకెళ్ళాను. మూడు మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటు, లేజర్ కటింగ్, మూడొందల యాభై. “ఇది ఏం డిజైన్ అక్కా, ఇడ్లీ ప్లేటా?” అన్నాడు కొట్టబ్బాయి. ఇంటికి తెచ్చి పెట్టి చూస్తే పై వరుస నాలుగు మిల్లీమీటర్లు తేడా. యాప్ ఫుల్ స్క్రీన్ చేయగానే బటన్లన్నీ కాస్త పైకి జరిగాయి, నేను కొలిచింది అంతకుముందు. మళ్ళీ మూడొందల యాభై. రెండోది సరిగ్గా కూర్చుంది. రంధ్రాల అంచులు గరుకుగా ఉంటే ఎమెరీ పేపర్‌తో ఒక్కొక్కటీ రుద్దాను, పదిహేను రంధ్రాలు, రెండు సాయంత్రాలు. పిల్ల వేలు గీసుకుంటే ఇక ఆ ట్యాబ్ ముట్టుకోదు.

ఒకసారి పెట్టిన బొమ్మ చోటు మార్చకూడదు. ఇది ట్రైనింగ్‌లో పదేపదే చెప్పిన మాట. వంటింట్లో కరెంటు పోయినా చింతపండు డబ్బా మీదికి చెయ్యి దానంతటదే పోతుంది చూడండి, అలా పోవాలి వేలు బొమ్మ మీదికి. ఈ సంగతి మళ్ళీ వస్తుంది.

ఇక బోర్డులో ఏం పెట్టాలి? నా దగ్గర ట్రైనింగ్‌లో ఇచ్చిన ఇంగ్లీష్ బోర్డు ప్రింటవుట్ ఉంది. దాన్ని ముందు పెట్టుకుని ఒక్కో మాటకూ తెలుగు మాట రాసుకుంటూ పోయాను. ‘ఐ’ అంటే నేను, ‘వాంట్’ అంటే కావాలి, ‘వాటర్’ అంటే నీళ్ళు. మూడూ వరసగా నొక్కితే ట్యాబ్ ఏమందంటే, “నేను కావాలి నీళ్ళు”. నేను ఎవరికి కావాలి? నీళ్ళకా? బుజ్జమ్మ వాళ్ళ అవ్వ ఆ రోజు బడికి వచ్చి ఉంది. నెల్లూరు మనిషి. చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. “ఏందమ్మా టీచరమ్మా, మన పిల్ల దొరసాని తెలుగు మాట్లాడతా ఉంది” అంది. ఆ రాత్రే ‘నాకు కావాలి’ మొత్తం ఒకే బొమ్మ చేశాను. తెలుగులో మాటల చివర ఏదో ఒకటి అతుక్కుంటూనే ఉంటుంది. ఇంగ్లీష్ పెట్టెల్లో దాన్ని ముక్కలు చేసి పెడితే ఇలాగే ఉంటుంది.

గొంతు కూడా సరిపోలేదు. ట్యాబ్‌లో వచ్చే తెలుగు గొంతు పెద్దావిడది, వార్తలు చదువుతున్నట్టుంటుంది. తొమ్మిదేళ్ళ పిల్ల ఇంట్లో అవ్వను అలా అడుగుతుందా? బుజ్జమ్మ మేనత్త కూతురు పదేళ్ళది ఉంది, వ్యాసర్‌పాడిలో. ఆ పిల్లను కూర్చోబెట్టి పదిహేను మాటలూ రికార్డు చేశాం. ‘నీళ్ళు’ దగ్గర ఆ పిల్ల “నీళ్ళియ్యవ్వా” అంది తడుముకోకుండా. అదే ఉంచాం. స్కూల్లో బుజ్జమ్మ నాతో కూడా “నీళ్ళియ్యవ్వా” అనేది. పర్లేదు, ఇచ్చేదాన్ని.

వాళ్ళ నాన్నగారికి మాత్రం మనసొప్పలేదు. “మేడమ్, ఇది అలవాటైపోతే ఇక నోటితో మాట్లాడాలని ప్రయత్నం కూడా చెయ్యదేమో” అన్నారు. ఈ భయం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, తప్పు పట్టలేం. ఇలాంటి సాధనాల వల్ల నోటి మాట ఏమవుతుందో చూసిన పాత పరిశోధనలన్నీ కలిపి 2006లో ఒక సమీక్ష వచ్చింది. అందులో గట్టిగా నమ్మదగ్గవని తేల్చినవి 27 మంది వివరాలు. ఒక్కరికి కూడా మాట తగ్గలేదు. 89 శాతం మందికి ఎంతో కొంత పెరిగింది, చాలామందికి ఆ పెరుగుదల కొంచెమే. నేను ఆయనకు ఈ రెండు ముక్కలూ చెప్పాను, ఆ కొంచెమే అన్నదీ దాచలేదు. “మాట వస్తుందని హామీ ఇవ్వలేను సార్, పోదని మాత్రం చెప్పగలను” అన్నాను. ఆయన తలూపారు. కానీ ఒప్పుకున్నట్టు లేదు. తర్వాత తెలిసింది, శుక్రవారం సాయంత్రం 64 శాతం ఛార్జింగ్‌తో ఇంటికి పంపిన ట్యాబ్ సోమవారం 62 శాతంతో తిరిగొచ్చేది. పగిలిపోతుందని రెండు రోజులూ బీరువా మీద పెట్టేవారట.

ఇప్పుడు ఆ పదిహేను మాటలు చూడండి. నాకు కావాలి, ఇంకా, అవును, కాదు, అమ్మ, నాన్న, అవ్వ, టీచర్, నీళ్ళు, అన్నం, బిస్కెట్, పాట, ఉయ్యాల, బొమ్మలు, బాత్రూమ్. నాకైతే లోటు కనిపించలేదు. ఇంగ్లీష్ బోర్డులో ‘నో’ ఉంది, దానికి ‘కాదు’ పెట్టేశాను కదా అనుకున్నాను. ఇంగ్లీష్ పిల్ల ‘నో’ ఒక్కదానితో మూడు పనులు చేసుకుంటుంది. మనకు మూడు మాటలు కావాలి. ఇది నీ బ్యాగా అంటే కాదు. అన్నం తిన్నావా అంటే లేదు. ఇంకొంచెం పెట్టనా అంటే వద్దు. ‘కాదు’ అని చెప్పి, క్లాసులో గుచ్చమని ఇచ్చే పూసల డబ్బా ముందు నుంచి ఎవరూ తప్పించుకోలేరు. బుజ్జమ్మకు నోటి మాట లేకపోయినా తెలుగు వచ్చు. చెవితో తొమ్మిదేళ్ళుగా వింటోంది. నా బోర్డులో తనకు కావాల్సిన మాట లేదని తనకు తెలుసు, నాకు తెలీలేదు.

ల్యాబ్ రిపోర్ట్ వచ్చిన రెండు రోజులకు తెలిసింది, అదీ ఆయమ్మ వల్ల. ఆమె ఊరికే అంది, “పూసలు తీశామంటే చాలు, ఈమెకు బాత్రూమ్ వచ్చేస్తుంది” అని. నోట్‌బుక్ తీసి వెనక్కి చూసుకున్నాను. దారానికి పూసలు గుచ్చే పీరియడ్‌లో ‘బాత్రూమ్’ ఐదు, ఆరుసార్లు. పక్క గదిలో డ్రిల్ మెషిన్ మోగిన రోజు తొమ్మిది. పాటల పీరియడ్‌లో సున్నా. పదిహేను బొమ్మలూ నొక్కి చూసి, ఈ గదిలోంచి బయటికి తీసుకెళ్ళే బటన్ ఏదో ఆ పిల్ల కనిపెట్టుకుంది. ఒక్క బాత్రూమ్‌కే మేమందరం మారుమాట లేకుండా లేస్తాం. నా ఎదురుగా కూర్చుని నాకంటే బాగా ఆలోచించింది. నేనేమో మూత్రపరీక్ష రాశాను.

‘బొమ్మలు’ తీసేసి ఆ గడిలో ‘వద్దు’ పెట్టాను. మేనత్త కూతురు మళ్ళీ వచ్చి రికార్డు చేసింది, గట్టిగా, కాస్త విసుగ్గా. నేర్పడానికి పెద్ద పనేం పడలేదు. పూసల డబ్బా ముందు పెట్టి, నేనే ‘వద్దు’ నొక్కి, డబ్బా పక్కకు నెట్టేశాను. రెండోసారి మళ్ళీ నేను. మూడోసారి మనసులో పది లెక్కపెడుతూ ఊరుకున్నాను. ఏడు దగ్గర తన వేలు వచ్చింది. “వద్దు.” డబ్బా మూత పెట్టేశాను. బుజ్జమ్మ నా వైపు కాదు, ట్యాబ్ వైపు కాదు, ఆ మూత వైపు చాలాసేపు చూసింది.

ఆ రోజు మూడు గంటలకల్లా నలభై దాటింది లెక్క. పూసలు వద్దు, పెరుగన్నం వద్దు, బిస్కెట్ వద్దు, నేను వద్దు. బిస్కెట్ అంటే ప్రాణం ఆ పిల్లకు. వద్దంటే నిజంగానే తీసేస్తున్నారా లేదా అని చూసుకుంటోంది. రెండో రోజూ అంతే. పక్క క్లాసు టీచర్ వచ్చి నవ్వుతూ, “నీ క్లాసు యూనియన్ ఆఫీసులా ఉంది” అంది. పైవాళ్ళు నవ్వలేదు. “పాఠం జరిగేటప్పుడు ఆ ఒక్క బటన్ దాచెయ్యొచ్చుగా, యాప్‌లో ఆ సౌకర్యం ఉంటుందిగా” అన్నారు.

ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం నాకు బాగానే తెలుసు. మాట రాని పిల్లల కోసం మాటకు బదులు వాడే పద్ధతుల్ని ప్రోత్సహించాలని అందులో ఉన్నదీ తెలుసు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అయినా మూడో రోజు పొద్దున పూసల పీరియడ్ ముందు ఆ బటన్ దాచాను. ఎవరో బలవంతపెట్టారని చెప్పను. నాకూ విసుగొచ్చింది.

పూసల డబ్బా తీశాను. బుజ్జమ్మ వేలు నేరుగా మూడో వరుస నాలుగో రంధ్రంలోకి వెళ్ళింది. అక్కడ బొమ్మ లేదు, తెల్లటి గడి. నొక్కింది. శబ్దం రాలేదు. మళ్ళీ నొక్కింది. వేలు తీసి, వేలి కొన చూసుకుని, గౌనుకు తుడుచుకుని మళ్ళీ నొక్కింది. వేలికి తడి ఉంటే ట్యాబ్ పలకదని నేనే నేర్పాను. తప్పు తన వేలిదనుకుంది. ఐదోసారి తర్వాత ఆ చెయ్యి నోటి దగ్గరికి పోయింది, మణికట్టు దగ్గర.

బటన్ వెనక్కి తెచ్చాను. ఆ తర్వాత మళ్ళీ దాచలేదు.

అలాగని ప్రతి ‘వద్దు’కూ తలొగ్గామని కాదు. ఫిట్స్ మందు వద్దంటే కుదరదు, రోడ్డు దాటేటప్పుడు చెయ్యి వద్దంటే కుదరదు. అప్పుడు “వద్దన్నావు, విన్నాను. కానీ మందు తప్పదు” అని చెప్పి వేస్తాం. పూసలు మాత్రం మానేశాను. చేతివేళ్ళకు పని కావాలంతే కదా, చిక్కుడుకాయ ఈనెలు తీయించాను, అది తనకు ఇష్టం. మూడు వారాలకు ‘వద్దు’ లెక్క రోజుకు పది, పన్నెండుకు దిగింది. మణికట్టు కొరుక్కోవడం పోలేదు, తగ్గింది. కొన్ని వారాలు అసలు ఉండదు, కరెంటు పని జరిగి డ్రిల్ మోగితే మళ్ళీ మొదలు. తర్వాత ఇంకో రెండు బొమ్మలు పెట్టాం, ‘ఆగు’, ‘అయిపోయింది’. గళ్ళు చాలక ‘అవును’, ‘కాదు’ రెండో పేజీకి పంపాను, ఆ రెండూ తను ఎప్పుడూ నొక్కేది కాదు.

రెండో ట్యాబ్ మా క్లాసులోని సెరిబ్రల్ పాల్సీ అబ్బాయికి. చేతులు బిగుసుకుపోతాయి, బొమ్మ నొక్కలేడు, మోచేయి కదుల్తుంది. ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌లో పాత మౌస్ ఒకటి కొని, ఎడమ క్లిక్ దగ్గర రెండు వైర్లు టంకం వేయించి, బయటికి ఒక పెద్ద స్విచ్ తీయించాం. తెర మీద వెలుగు ఒక్కో వరుసా దిగుతుంటుంది, కావాల్సిన వరుస రాగానే మోచేత్తో కొడతాడు, తర్వాత ఆ వరుసలో బొమ్మ దగ్గర ఇంకోసారి. వెలుగు వేగం సెకనుకు ఒక వరుస ఉంటే వాడికి అందేది కాదు. నాలుగు సెకన్లు చేశాక అందింది. ఒక మాటకు అర నిమిషం పడుతుంది. వాడు తమిళంలో మొదట పలికించింది ఆయమ్మ పేరు, వరసగా పదకొండుసార్లు. ఆమె పదకొండుసార్లూ “ఎన్నడా” అంటూ వచ్చింది.

బుజ్జమ్మ ఇంటి సంగతికి వస్తే, ట్యాబ్‌ను బీరువా మీద నుంచి దింపింది అవ్వే. నేను అదే బోర్డును కాగితం మీద ప్రింట్ తీసి, లామినేట్ చేయించి ఇచ్చాను. పగలదు, ఛార్జింగ్ అక్కర్లేదు, వంటింట్లో ఫ్రిజ్ మీద అతికించుకోమన్నాను. అవ్వకు చదువు రాదు, బొమ్మలు వచ్చు. వారం తర్వాత ఆమే కొడుకుతో అందట, “కాగితం నోరు తెరిచి పలకదు గదరా, ఆ పెట్టె దించు” అని. ఆ తర్వాతి సోమవారం ట్యాబ్ 11 శాతంతో వచ్చింది. ఛార్జర్ వెతుక్కుంటూ నేను నవ్వుకోవడం ఆయమ్మ చూసి, ఏమైందని అడిగింది.

జనవరిలో పొంగల్ సెలవుల తర్వాత పేరెంట్స్ మీటింగ్. నాన్నగారు, అవ్వ, నేను. మధ్యలో బుజ్జమ్మ కుర్చీలో, ఒళ్ళో ట్యాబ్. మేం ఎప్పటిలాగే తను అక్కడ లేనట్టే తన గురించి మాట్లాడుకుంటున్నాం. నిద్ర సరిగా లేదని ఆయన, రాయడం మొదలుపెట్టాలని నేను, జుట్టు దువ్వనివ్వడం లేదని అవ్వ. వచ్చే టర్మ్ ప్లాన్ ఫారం నేను సగం నింపాను.

“అయిపోయింది” అంది ట్యాబ్, మేనత్త కూతురి గొంతుతో.

ముగ్గురం ఆగాం. నాన్నగారు “ఇంకొక్క ఐదు నిమిషాలు తల్లీ” అన్నారు. బుజ్జమ్మ ట్యాబ్ మూసి, బ్యాగు జిప్ తీసి, లోపల నిలువుగా పెట్టి, జిప్ వేసింది.

అవ్వ ముందుగా లేచింది. “ఇంకేం కూర్చుంటావురా, అయిపోయిందంటుంది గదా” అంది.

ఫారంలో మిగతా సగం మర్నాడు ఫోన్‌లో అడిగి రాసుకున్నాను.